ప్రభుత్వ చెంపలు

ధ్రువపత్రాల శాఖలో కాగితాలు ఎందుకు కదలడం లేదో కనిపెట్టడానికి రాజధాని నుంచి ఒక సలహా సంస్థను పిలిపించారు. మెడలో కార్డులు వేలాడేసుకున్న కుర్రకారు జిల్లాలన్నీ తిరిగి, కౌంటర్ల ముందు నిలబడ్డ జనాన్ని మీ బాధేమిటని అడిగారు. అడగడమే ఆలస్యం, జనం కడుపులో ఉన్నదంతా కక్కేశారు. గోదావరి ఒడ్డున ఉన్న ఒక జిల్లా కార్యాలయంలో ఓ పెద్దమనిషైతే, "ఆ కౌంటర్లో కూర్చున్నావిడ నా కళ్లముందే ముసలిదైపోయిందండి, నా కాగితం మాత్రం రాలేదండి" అని నెత్తి కొట్టుకున్నాడు. సంస్థవారు ఆ మాటలో రెండో సగం తమ పరిధిలోకి రాదని వదిలేసి, మొదటి సగం పట్టుకున్నారు. పౌరుల అసంతృప్తికి మూలకారణం సిబ్బంది ముఖాల మీద పేరుకుపోయిన వార్ధక్యమేనని రంగురంగుల పటాలతో సహా తేల్చి, లావుపాటి నివేదిక సమర్పించారు.

ఆ ముసలైపోయినావిడ పేరు హైమవతి. మరణ ధ్రువపత్రాల కౌంటర్లో సీనియర్ అసిస్టెంటు. నిజానికి ఆవిడ చేతికొచ్చిన కాగితం ఆ పూటే పైకి వెళ్లిపోయేది. పైన సూపరింటెండెంటు గారి బల్ల మీద చేరాకే దానికి కాళ్లు పడిపోయేవి. ఆ కుర్చీలోకి ఒకరి తర్వాత ఒకరు వచ్చారు. వచ్చిన ప్రతివారికీ ఫైలు ఎలా నడపాలో హైమవతే నేర్పింది. నేర్చుకున్నవాళ్లు నేర్చుకున్నట్టే బదిలీ చేయించుకుని చక్కాపోయారు. ఇప్పుడా కుర్చీ మళ్లీ ఖాళీ అయింది. సీనియారిటీలో ఆవిడే మొదటిది, వచ్చే ఏడు రిటైర్మెంటు. ఆ కుర్చీ దొరికితే, పోయినవాళ్ల తాలూకు మనుషులకి వచ్చిన రోజునే కాగితం చేతిలో పెట్టి పంపొచ్చని ఆవిడ ఆశ. ఉద్యోగంలో చేరాక ఆవిడ గట్టిగా కోరుకున్నది అదొక్కటే.

సరిగ్గా అప్పుడే నివేదిక ఫలించి, ముఖ వికాస పథకం ఊడిపడింది. జాయింట్ డైరెక్టరు మార్కండేయులు గారు స్వయంగా విచ్చేసి మీటింగు పెట్టారు. ఆయన జుట్టుకి నల్లరంగు వేసుకుంటారు గాని మీసం సంగతి మర్చిపోతుంటారు.

"ముఖమనునది కార్యాలయ వేళల్లో ఉద్యోగి సొంత ఆస్తి కాదు" అన్నారాయన. "శాఖకును పౌరునికిని నడుమ నుండు ప్రథమ ద్వారము. ద్వారమే వేలాడుచున్నచో లోనికి ఎవరు వచ్చెదరు? కావున కౌంటరు సిబ్బంది యావన్మందియు శాఖ ఖర్చుతో తమ ముఖములను నవీకరించుకొనవలెను. కోత లేదు, కుట్టు లేదు, భయపడవలదు. రెండు మార్గములు కలవు. ఒకటి, చర్మము బిగించుట. రెండు, లోన ఫిల్లరు నింపుట. ఏదో ఒకదానికి ఆప్షన్ ఇవ్వవలెను. ఒకసారి ఇచ్చిన ఆప్షన్ మార్చుకొనరాదు. ఇవ్వనివారికి పదోన్నతి లేదు."

హైమవతి లేచి నిలబడింది. "రెండూ అక్కర్లేదనుకునేవాళ్లు ఏం చెయ్యాలండి?"

"నమూనాలో అట్టి గడి లేదమ్మా" అన్నారాయన జాలిగా.

మర్నాటికి కార్యాలయం రెండుగా చీలిపోయింది. బిగింపు వర్గం క్యాంటీన్లో కిటికీ పక్క బల్ల ఆక్రమించుకుంది, నింపు వర్గం కుళాయి పక్క బల్లకి మళ్లింది. నిన్నటిదాకా ఒకే కేరియరులో తిన్నవాళ్లు పచ్చడి ఇచ్చిపుచ్చుకోవడం మానేశారు. రెండు సంఘాలు పుట్టాయి. బిగింపు చేయించుకునేవాళ్లకి ప్రత్యేక సెలవు కావాలని ఒకరూ, నింపుకునేవాళ్లకి పౌష్టికాహార భత్యం కావాలని ఇంకొకరూ గేటు దగ్గర నినాదాలిచ్చారు. ఏది ఎవరికి పనికొస్తుందో డాక్టర్ని అడుగుదామన్న ఆలోచన ఏ సంఘానికీ రాలేదు.

హైమవతికొచ్చింది. ఆవిడ వెళ్లి చర్మవ్యాధుల డాక్టరు సుచరిత ముందు కూర్చుంది. డాక్టరు ఆవిడ గడ్డం పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది.

"బిగింపంటే సూది ఉండదండి. యంత్రంతో చర్మం కిందికి వేడి పంపిస్తాం. వదులైన చర్మం మెల్లమెల్లగా కాస్త బిగుస్తుంది. నెలలు పడుతుంది, పెద్ద తేడా కూడా ఆశించకూడదు. మీ చర్మం అంత వదులు కాలేదు. చెంపలు లోపలికి పోయాయి, అంతే. దానికైతే ఫిల్లరు. జెల్లు లాంటిది సూదితో ఎక్కిస్తాం, తేడా అప్పుడే కనిపిస్తుంది. కాకపోతే శాశ్వతం కాదు. ఏడాదికో, ఇంకాస్త అటూ ఇటూగానో ఒంట్లో కరిగిపోతుంది."

"కరిగిపోతే ఏమవుతుందమ్మా?"

"ఏముంది, మీ మొహం మీకొచ్చేస్తుంది. నన్నడిగితే మీకు రెండూ అవసరం లేదు."

"మిమ్మల్ని ఎవరూ అడగలేదు కదమ్మా, అదే వచ్చిన చిక్కు" అంది హైమవతి.

పదోన్నతుల కమిటీ కొద్ది నెలల్లో కూర్చుంటుంది. నెమ్మదిగా బిగిసేదాన్ని నమ్ముకుంటే కమిటీ ముందు పాతమొహంతో నిలబడాలి. ఆవిడ ఫిల్లరుకే ఆప్షన్ ఇచ్చి, డాక్టరు దగ్గర ఎక్కించుకుని ఇంటికొచ్చింది. భర్త సాంబమూర్తి, డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరైన మనిషి, ఆ సాయంత్రం ఆవిడ మొహంలోకి చాలాసేపు చూశాడు. "బానే ఉందే. మీ చెల్లెలు ఇంటికొచ్చినట్టుంది" అన్నాడు. ఆవిడ దిండు విసిరింది.

పక్క కౌంటర్లో జనన ధ్రువపత్రాలు చూసే అప్పలనరసయ్య, సీనియారిటీలో హైమవతి తర్వాతివాడు, బిగింపుకి ఇచ్చాడు. ఆయన చెంపలు దవడ దాటి మెడ మీదికి దిగి అక్కడ విశ్రాంతి తీసుకుంటూ ఉంటాయి. అయినా ఆయన బిగింపు కోరింది మొహం కోసం కాదు, సూదంటే భయం వల్ల.

ఇక్కడిదాకా జరిగింది మామూలు పిచ్చి. అసలు పిచ్చి లెక్కల విభాగంలో ముదిరింది. ఖర్చుని ఏ పద్దు కింద రాయాలన్న ధర్మసందేహం పుట్టింది. ఉన్నదాన్ని బాగుచేయడం బిగింపు కాబట్టి అది మరమ్మతు. బయటినుంచి తెచ్చి పెట్టడం నింపు కాబట్టి అది సరుకు కొనుగోలు. మరమ్మతులు ఇంజినీరింగు విభాగానికి పోవాలి, సరుకు స్టోర్సు విభాగానికి పోవాలి. నిబంధనల పుస్తకం అలాగే చెబుతోంది, పుస్తకం రాసినవాళ్లు చెంపల గురించి ఆలోచించలేదంటే అది వాళ్ల తప్పు.

అప్పలనరసయ్య మొహం ఇంజినీర్లకి దఖలు పడింది. ఒక అసిస్టెంటు ఇంజినీరు టేపు పట్టుకొచ్చి ఆయన నుదుటి నుంచి గడ్డం దాకా కొలిచి, "నిర్మాణ సంవత్సరం?" అని అడిగాడు. అప్పలనరసయ్య పుట్టిన సంవత్సరం చెప్పాడు. పగుళ్లు ఉపరితలానివా, పునాదివా అన్న దానిమీద అభిప్రాయభేదం వచ్చింది. అంచనాలు తయారై టెండర్లు పిలిస్తే, అందరికన్నా తక్కువకి కోట్ చేసింది ఆ కార్యాలయానికే ప్రహరీగోడ కట్టిన కాంట్రాక్టరు. అతను వచ్చి అప్పలనరసయ్యని ఎగాదిగా చూసి, "సిమెంటు రంగా అండి, సున్నమా అండి?" అని వినయంగా అడిగాడు. ఆ టెండరు రద్దయింది. రెండోసారి పిలిస్తే ఎవరూ రాలేదు. మూడోసారి పిలవాలా వద్దా అన్న ఫైలు రాజధానికి వెళ్లింది. అప్పలనరసయ్య తన కౌంటర్లో ఎప్పట్లాగే కునికిపాట్లు పడుతూ ఉండిపోయాడు.

హైమవతి చెంపలు స్టోర్సు అధికారి పద్మనాభం గారి పాలబడ్డాయి. ఆయన నిబంధన తప్పని మనిషి. ఇనప కొలతపరికరం తెచ్చి, ఎడమ చెంప ఇంత, కుడి చెంప ఇంత అని చదివి స్టాకు పుస్తకంలో ఎక్కించారు. ఆ తర్వాత తెల్లరంగు డబ్బా, కుంచె తీశారు. ప్రభుత్వ బల్లకీ కుర్చీకీ బీరువాకీ నంబరు వేయడం స్టోర్సువారి ఆచారం.

"నా మొహం మీద నంబరేస్తారటండీ?" అంది హైమవతి.

"నిబంధన అట్లున్నదమ్మా. నంబరు లేని సరుకు దొంగసరుకు కింద లెక్క."

"కుంచె దగ్గరికి తెచ్చారంటే నేను అరుస్తానండి. పెద్దగానే అరుస్తాను."

పద్మనాభం గారు పాపం, చెడ్డవారు కారు. ఆలోచించి, ఆవిడ కుర్చీ వెనకాల నంబరు వేసి, దాని పక్కన 'చెంపలు సహా' అని రాశారు. ఆ తర్వాత ఆవిడ మేనకోడలి పెళ్లికి విజయనగరం వెళ్లాల్సి వస్తే, ప్రభుత్వ సరుకుని జిల్లా దాటించడానికి గేట్ పాసు పుచ్చుకుని వెళ్లాల్సి వచ్చింది. పెళ్లివారు ఆవిడ మొహం చూసి ముచ్చటపడ్డారు. ఆవిడ పాసు ఎవరి కంటా పడకుండా సంచి అడుక్కి తోసేసింది.

కమిటీ కూర్చునే ముందు స్టాకు తనిఖీ వచ్చింది. పద్మనాభం గారు కొలిచారు, మళ్లీ కొలిచారు, కళ్లజోడు తుడుచుకుని ఇంకోసారి కొలిచారు. రెండు చెంపల్లోనూ తరుగు తేలింది.

ప్రభుత్వ సరుకు మాయమైతే విచారణ తప్పదు. విచారణ నడుస్తుండగా పదోన్నతి ఉండదు. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడటమంటే ఇదేనని హైమవతికి తెలిసొచ్చింది. సాక్ష్యానికి డాక్టరు సుచరితని పిలిపించారు. మార్కండేయులు గారే విచారణాధికారి.

"సార్, అది కరిగే పదార్థమే" అంది డాక్టరు. "వాడినా వాడకపోయినా, నవ్వినా ఏడ్చినా దాని మానాన అది కరుగుతుంది. దాని గుణమే అంత. ఈవిడ తప్పేమీ లేదు."

"కరుగునట్టి సరుకు కొనుటకు అనుమతి ఇచ్చినదెవరు?"

"మీరేనండి."

మార్కండేయులు గారు కాసేపు కాగితాలు సర్దుకున్నారు. "శాఖ అనుమతించినది నింపుటకు. కరుగుటకు కాదు. స్టోర్సు నిబంధనలలో స్పిరిటుకు ఆవిరి తరుగు కలదు, బెల్లమునకు ఎండు తరుగు కలదు. చెంపలకు ఏ తరుగును లేదు. కావున ఇది అతివాడకము వలన కలిగిన నష్టము."

అయినా ఆయన దయగలవారు. కమిటీని ఒక నెల వాయిదా వేయించారు. ఆ నెలలో తరుగు పెరగకపోతే పాతది క్షమించి కుర్చీ ఇప్పిస్తామన్నారు. అందాకా ముఖాన్ని పొదుపుగా వాడాలని లిఖితపూర్వకంగా ఆదేశించారు. నవ్వు, ఏడుపు, విసుగు, ఆశ్చర్యం పూర్తిగా నిషిద్ధం. కనుబొమలు ఎత్తడానికి ముందస్తు అనుమతి కావాలి.

డాక్టరు చెప్పింది హైమవతి వినకపోలేదు. నవ్వినా మానినా కరిగేది కరుగుతుందని ఆవిడకీ తెలుసు. కానీ కుర్చీ ఇచ్చేది డాక్టరు కాదు. ఆశ అనేది మనిషి చేత ఎంత వెర్రిపనైనా చేయిస్తుంది. ఆవిడ మొహం బిగించుకుని కూర్చుంది.

ఇంట్లో ముద్దన్నం మానేసి జావ తాగింది. సాంబమూర్తి మొదట్లో కావాలని జోకులేసి రెచ్చగొట్టాడు. ఆవిడ గోడకేసి తిరిగింది. పది రోజులయ్యేసరికి ఆయన జోకులు మానేసి, "ఏమే, ఇంట్లోకెవరో అద్దెకి దిగినట్టుందే. నాకు బాగోలేదు" అన్నాడు. దగ్గరికెళ్లి ఆయన భుజం మీద చెయ్యి వేసింది గాని, మొహంలో మాత్రం ఏమీ రానివ్వలేదు.

కౌంటర్లో ఇంకా అన్యాయం. అక్కడికొచ్చేవాళ్లు సంబరం చేసుకోవడానికి రారు. మొగుడు పోయిన పిల్లొకతి కాగితం రాయించుకుంటూ మధ్యలో ఆగి, హైమవతి వైపు చూసి, ఏమీ దొరక్క మళ్లీ తలొంచుకుంది. ఇదివరకైతే ఆవిడ లేచి మంచినీళ్లిచ్చేది, నాలుగు మాటలు అడిగేది. ఆ రోజు బల్ల కింద చీర కొంగు నలుపుతూ కూర్చుంది. తనమీద తనకే అసహ్యం వేసింది. ఇంకెన్ని రోజులు, కుర్చీ వచ్చాక ఇలాంటివాళ్లని ఒక్కపూట కూడా తిప్పించను కదా అని మనసుకి సర్దిచెప్పుకుంది.

కొలతలు తీసే ముందురోజు, మధ్యాహ్నం, లంక గ్రామం నుంచి వీరన్న అనే పెద్దాయన వచ్చాడు. తెల్లటి పంచె, చంకలో గొడుగు. కౌంటరు మీద చేతులు ఆనించి గొంతు బాగా తగ్గించాడు.

"మా ఆడది పోయిందండి. కాగితం కావాలండి. అయితే ఓ చిన్న మనవండి. వయసు దగ్గర కాస్త సర్దాలండి."

"ఎందుకు?" అంది హైమవతి పెదాలు కదిపీ కదపకుండా.

"బతికినన్నాళ్లూ ఎవరడిగినా తక్కువే చెప్పుకుందండి, మా మాణిక్యం. అసలుది మీరు కాగితం మీద ఎక్కించేశారనుకోండి, రేపు నేను పైకెళ్లాక నా గతేం కానండి? నా వయసు ఊళ్లో పెట్టి మరీ వచ్చావా అని అక్కడ కూడా కూడు పెట్టదండి నాకు."

హైమవతి గోడ మీద క్యాలెండరు వైపు చూపు తిప్పేసుకుంది.

"ఆఖర్రోజునండి" అన్నాడు వీరన్న, "ఆస్పత్రిలో మాటా పలుకూ లేదండి. అందరం ఆశ వదిలేసుకున్నాం. ఇంతలో డాక్టరుగారొచ్చి, ఈవిడ వయసెంతండీ అని నన్నడిగారండి. నేను నోరు తెరిచేలోగా ఇది టక్కున కళ్లు తెరిచి, నలభై ఎనిమిదండీ అని చెప్పి మళ్లీ మూసేసుకుందండి. పక్కనే మా పెద్దోడు నించునున్నాడండి. ఆడికి యాభై రెండు."

క్యాలెండరు ఆదుకోలేదు. హైమవతికి పొట్టలోంచి తన్నుకొచ్చింది. అదిమింది, పెదవి కొరికింది, ఇంక తన వల్ల కాలేదు. కుర్చీలో వెనక్కి వాలి, పక్క కౌంటర్లో అప్పలనరసయ్య ఉలిక్కిపడి లేచేటట్టు నవ్వింది. నెల రోజుల నవ్వు ఒక్కసారే వచ్చింది. వీరన్న కూడా నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వుతూ నవ్వుతూనే ఆయన కళ్లల్లో నీళ్లు తిరిగి, కండువా మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. హైమవతి కౌంటరు మీంచి చెయ్యి చాపి ఆయన చెయ్యి పట్టుకుంది. ఇప్పుడు ఆవిడా ఏడుస్తోంది. నిషేధించినవాటిలో రెండు ఒకే పూట అయిపోయాయి.

"వయసు మార్చడం నా చేతుల్లో లేదు పెద్దాయనా" అంది చివరికి. "కాగితం మడతపెట్టి కవర్లో వేసి ఇస్తాను. ఎవరికీ చూపించకండి. ఆవిడ అడిగితే నన్ను తిట్టమనండి."

"ఆయ్, అలాగేనండి. మంచిమాట చెప్పారండి."

ఆ కాగితం ఆవిడ ఆ పూటే పైకి పంపేసింది.

మర్నాడు పద్మనాభం గారు కొలిచారు. ముందుసారి కన్నా మరికాస్త తరిగింది. ఎలాగూ తరిగేదే అని డాక్టరు అన్న మాట ఆయనకీ గుర్తుండే ఉంటుంది. కానీ డాక్టరు మాట వేయడానికి స్టాకు పుస్తకంలో గడి లేదు.

"ఎక్కడ ఖర్చు చేశారమ్మా?" అన్నారు నొచ్చుకుంటూ.

"ఇక్కడేనండి, కౌంటర్లో. నవ్వాను."

"అనుమతి ఉన్నదా?"

"లేదండి. వచ్చేసింది."

ఆ వారమే కమిటీ కూర్చుంది. అప్పలనరసయ్య పేరు రాగానే మార్కండేయులు గారి మొహం విప్పారింది. ఈయన సకాలంలో ఆప్షన్ ఇచ్చిన క్రమశిక్షణగల ఉద్యోగి. ఈయన మీద ఒక్క తరుగు లేదు. ఏమీ చేయలేదు కాబట్టి ఏమీ పోలేదు. "ఈయన ముఖమున ప్రభుత్వమునకు వాటిల్లిన నష్టము ఇసుమంతయు లేదు" అని ఆయన స్వదస్తూరీతో రాశారు. కుర్చీ అప్పలనరసయ్యకి దక్కింది.

కొత్త సూపరింటెండెంటు కుర్చీలో కూర్చున్న మొదటిరోజే హైమవతికి కబురు పెట్టాడు. బల్ల మీద కాగితాలు గుట్టగా పడున్నాయి. ఆయన ఇబ్బందిగా చెవి రుద్దుకున్నాడు.

"ఏమీ అనుకోకండమ్మా. పైనుంచి తొందర చేస్తున్నారండి. మీకు మెమో ఇవ్వాలంట. ఇలాంటివి ఎలా రాయాలో నాకు బొత్తిగా తెలీదండి. మీరే కాస్త..."

హైమవతి ఆయన వైపు ఓ క్షణం చూసింది. వచ్చిన కోపం మొహంలో దాచుకోవాల్సిన అవసరం ఇప్పుడు లేదు గనక దాచుకోలేదు. అప్పలనరసయ్య తలొంచుకున్నాడు. ఆవిడ ఎదురుగా కూర్చుని, తనమీద తనే మెమో రాసింది. ఎక్కడా కొట్టివేత లేకుండా, నిబంధన సంఖ్య తప్పు పోకుండా రాసింది. కారణం అన్నచోట 'మరణ ధ్రువపత్రముల కౌంటరు నందు నవ్వినందున' అని పెట్టింది.

"నవ్వినందున అంటే బాగుంటుందాండి?" అన్నాడు అప్పలనరసయ్య.

"జరిగింది అదేనండి. ఇదిగో, సంతకం ఇక్కడ."

ఆయన సంతకం పెట్టాడు. ఆవిడ తన ప్రతి తాను తీసుకుంది. లేస్తూ, గుట్టలోంచి పైకి కనిపిస్తున్న వీరన్న కాగితం లాగి ఆయన ముందుకి తోసింది. "ఇది కూడా పెట్టేయండి. వారం నుంచి ఉంది."

"అది చూద్దాంలెండి. వరసలో రానీండి" అని అప్పలనరసయ్య దాన్ని మళ్లీ గుట్ట మీదికి చేర్చాడు.

ఆవిడ కిందికి దిగి తన కౌంటరు దగ్గరికొచ్చేసరికి వీరన్న గొడుగు చంకలో పెట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆవిడ చేతిలో కాగితం చూసి ఆయన కళ్లు వెలిగాయి.

"అదేనాండి నాది?"

"కాదు పెద్దాయనా, ఇది నాది" అంది హైమవతి. "నాది తొందరగా వచ్చేసింది."